చేతులు వాడకుండా టాలీ, ఎక్సెల్, తెలుగు టైపింగ్: వైజాగ్‌లో 15 వేలలో ఏం సెట్ చెయ్యొచ్చు?

గాజువాక_టెక్

నమస్కారమండి. 27 ఏళ్ళ అబ్బాయికి కంప్యూటర్ సెట్ చేసి ఇవ్వాలి. మెడ దగ్గర వెన్నుపాముకి దెబ్బ, రిపోర్టులో సీ5 (మెడలో ఐదో స్థాయి) అని ఉంది. తల అన్ని వైపులా తిరుగుతుంది, మాట స్పష్టం. భుజం లేపగలడు, మోచెయ్యి మడవగలడు. చాపడం, మణికట్టు, వేళ్ళు పనిచెయ్యవు. పగలు నాలుగైదు గంటలు వీల్‌చైర్‌లో, మిగతా టైము మంచం మీద తలవైపు ఎత్తు పెట్టుకుని ఉంటాడు.

ఉన్నవి: విండోస్ 11 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, దాంతో వచ్చిన వెబ్‌క్యామే. ఆండ్రాయిడ్ ఫోను, వైఫై. పని ఏంటంటే ఒక షాపుకి టాలీప్రైమ్‌లో సేల్స్, పర్చేజ్ ఎంట్రీలు, ఎక్సెల్‌లో జీఎస్టీ లెక్కలు, తెలుగులో ఉత్తరాలు, వాట్సాప్.

మాటతో కంప్యూటర్ నడిపే విండోస్ వాయిస్ యాక్సెస్ ఆన్ చేశాను. సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే సగం కమాండ్లు పట్టుకోదు. ఇంట్లోవాళ్ళ మాటలు, టీవీ డైలాగులు ఎక్సెల్‌లో టైపయిపోతున్నాయి. తెర మీది బటన్లకి నంబర్లు వేసే "షో నంబర్స్" కమాండ్ టాలీలో ఇస్తే నంబర్లు రావు. తెలుగు అసలే లేదు.

కంటితో నడిపే పరికరం కొందామా, తలతో నడిపేదా, నోటితో ఊదే గొట్టమా? బడ్జెట్ 15 వేలు. దాటినా కొంచెమే.

ఓటీ_ఎంవీపీ

గాజువాక గారూ, పాయింటర్ దేంతో కదపాలి అన్నది రెండో ప్రశ్న. ముందు తేల్చాల్సింది క్లిక్ దేంతో అని. పాయింటర్‌కి తల ఉంది. క్లిక్‌కి కూడా తలనే వాడితే, అంటే పాయింటర్ ఒకచోట ఆగగానే దానంతటదే నొక్కుకునే డ్వెల్ పద్ధతి పెడితే, చదవడానికి ఆగినా నొక్కుకుంటుంది. టాలీలో ఎంట్రీ మధ్యలో అలా రెండుసార్లు జరిగితే మనిషికి సిస్టమ్ మీదే విసుగు పుడుతుంది. డ్వెల్ చెడ్డదని కాదు, వేరే కదలిక ఏదీ మిగలనివాళ్ళకి అదే దారి. మీ అబ్బాయికి భుజం, మోచెయ్యి ఉన్నాయి కదా, వాటిని వదులుకోవడం ఎందుకు?

క్లిక్‌కి ఆ చేత్తో నొక్కే స్విచ్ ఒకటి పెట్టాలి, అది ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని. సీ5 వాళ్ళకి మోచెయ్యి మడిచే కండ పనిచేస్తుంది, చాపే కండ పనిచెయ్యదు. అందుకని నొక్కడం కండతో జరగాలి, వదలడం చేతి బరువుతో జరగాలి. స్విచ్‌ని చేతికింద పెడితే చెయ్యి దానిమీద వాలిపోయి అలాగే ఉండిపోతుంది, లేపడానికి శక్తంతా పోతుంది. వీల్‌చైర్ ఆర్మ్‌రెస్ట్‌కి బయటివైపు, మోచేతికి రెండు మూడు సెంటీమీటర్ల ఎడంలో నిలువుగా బిగించండి. భుజంతో మోచేతిని కాస్త పక్కకి తోస్తే తగలాలి, వదిలేస్తే చెయ్యి తనంతట వెనక్కి రావాలి. ఇరవైసార్లు వరసగా నొక్కించి చూడండి. పదిహేనో నొక్కుకి భుజం పైకి ఎగరడం, మొహం బిగించడం కనబడితే స్విచ్ దూరంగానో గట్టిగానో ఉన్నట్టు. మంచం మీద ఇదే జాగా పనికిరాదు. అక్కడ దిండు పక్కన, చెంపకి తగిలేట్టు ఇంకో స్విచ్ పెట్టాలి. రెండు చోట్లకీ ఒకే స్విచ్‌ని మార్చి మార్చి బిగిద్దామనుకుంటే బిగించే మనిషి లేని రోజున పని ఆగిపోతుంది.

స్పర్శ తెలియని చోట గట్టి ప్లాస్టిక్ అంచు గంటలకొద్దీ నొక్కితే పుండు పడుతుంది, ఆయనకి తెలియదు కూడా. స్విచ్ చుట్టూ ఫోమ్ అంటించండి. రోజూ సాయంత్రం ఆ చోట చర్మం ఎర్రబడిందేమో చూడమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి.

పాయింటర్‌కి మీ వెబ్‌క్యామే చాలు. ఈవయాక్యామ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ముఖం కదలికని పట్టి పాయింటర్‌ని కదుపుతుంది, నుదుటి మీద స్టిక్కర్లూ అవీ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో అడ్డం స్పీడు, నిలువు స్పీడు వేరువేరుగా ఉంటాయి. ముక్కు అటో రెండు, ఇటో రెండు సెంటీమీటర్లు కదిలితే తెర ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలి. అంతకంటే తక్కువ కదలికకి పోతుంటే చిన్న బటన్ల మీద నిలవదు, ఎక్కువ కావాల్సి వస్తే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. చాలామందికి తల పైకీ కిందికీ ఆడించడం పక్కలకి తిప్పడం కంటే కష్టం, అందుకని నిలువు స్పీడు కాస్త ఎక్కువ పెట్టండి. పాయింటర్ వణుకుతుంటే స్మూత్‌నెస్ పెంచండి. మరీ పెంచితే తల ఆగాక కూడా పాయింటర్ జారుతూ ఉంటుంది, లక్ష్యం దాటిపోతుంది.

తెర కళ్ళ ఎత్తులో, 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. కిటికీ ఆయన వెనక ఉండకూడదు. ఉంటే కెమెరాకి ముఖం నల్లగా పడి ట్రాకింగ్ తప్పుతుంది. ఇంకొకటి: చాలా వెబ్‌క్యామ్‌లలో పవర్ లైన్ ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ అని ఉంటుంది. మన కరెంటు 50. అది మార్చకపోతే ట్యూబ్‌లైటు కింద బొమ్మ మీద అడ్డచారలు పాకుతాయి, పాయింటర్ ఊరికే అదురుతుంది. ట్యూబ్‌లైటుకీ ఆయనకీ మధ్య ఫ్యాను రెక్కలు తిరుగుతుంటే వాటి నీడ ముఖం మీద పడి అదే తంటా. లైటు ఫ్యానుకి కింద, ఎదురుగా ఉండేట్టు చూసుకోండి.

మొదటి వారం ఒక విడత ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. మెడలో ప్లేటు, స్క్రూలు వేసి ఉంటే ఎంతవరకు తిప్పొచ్చో చూస్తున్న డాక్టరుని అడిగాకే మొదలుపెట్టండి. పనిలో ఉండగా ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు పడితే కంప్యూటర్ సంగతి పక్కన పెట్టి నిటారుగా కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చెయ్యండి, యూరిన్ గొట్టం ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. ఈ స్థాయి దెబ్బ తిన్నవాళ్ళలో బీపీ ఒక్కసారిగా పెరిగిపోవడం అది. గొట్టం సరిచేసినా తగ్గకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి.

సోల్డర్_పొగ

ఓటీ గారు చెప్పిన స్విచ్‌ని కంప్యూటర్‌కి కలపడానికి బయట అమ్మే ఇంటర్‌ఫేస్ బాక్స్ కొనక్కర్లేదండి. మూడొందల రూపాయల యూఎస్‌బీ మౌస్ ఒకటి తీసుకోండి. వైర్‌దే తీసుకోండి, వైర్‌లెస్ అయితే బ్యాటరీ అయిపోయిన రోజు ఆయన మార్చుకోలేడు.

అడుగున స్టిక్కర్ కింద ఒకటో రెండో స్క్రూలు దాక్కుని ఉంటాయి. విప్పాక లెఫ్ట్ బటన్ కింద చిన్న నల్ల మైక్రోస్విచ్ కనబడుతుంది, బోర్డు వెనక దానికి మూడు కాళ్ళు. మల్టీమీటర్ బజర్ మీద పెట్టి ఏ రెండు కాళ్ళ మధ్య నొక్కినప్పుడు మాత్రమే మోగుతుందో చూడండి. ఆ రెంటికీ సన్నటి వైర్లు సోల్డర్ చేసి, 3.5 ఎంఎం మోనో సాకెట్‌లో టిప్‌కి ఒకటి, స్లీవ్‌కి ఒకటి కలపండి. మౌస్ పక్కన 6 ఎంఎం రంధ్రం వేసి సాకెట్ బిగించండి. వైర్లని లోపల వేడి జిగురుతో అంటించండి, లేకపోతే ప్లగ్గు నాలుగుసార్లు లాగగానే సోల్డర్ దగ్గర తెగుతుంది. ఆఖర్న అడుగున ఉన్న ఆప్టికల్ సెన్సర్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటించండి. అది మరిచిపోతే మౌస్ కదిలినప్పుడల్లా పాయింటర్ పారిపోతుంది, తప్పు ఈవయాక్యామ్‌దని అందరూ దాన్ని తిడతారు.

అసిస్టివ్ స్విచ్‌లు దాదాపు అన్నీ 3.5 ఎంఎం మోనో ప్లగ్గుతోనే వస్తాయి, కాబట్టి రేపు మంచి స్విచ్ కొన్నా ఇందులోనే దూరుతుంది. ఇప్పటికి వీడియో గేమ్ మెషిన్లకి వాడే పెద్ద ఆర్కేడ్ బటన్ లేదా పొడుగు లివర్ ఉన్న మైక్రోస్విచ్ చాలు. మోచేతి తోపుకి లివర్‌దే మేలు, తక్కువ బలానికే పడుతుంది. బిగించడానికి మొబైల్ హోల్డర్‌కి వాడే వంగే కాడ (గూస్‌నెక్) పనికొస్తుంది గానీ పొట్టిది, లావుది తీసుకోండి. సన్నటిది నొక్కినప్పుడల్లా వంగి రెండ్రోజుల్లో స్విచ్ జాగా మారిపోతుంది. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సాకెట్లు, బటన్లు, వైర్లు దొరుకుతాయి. మొత్తం ఖర్చు వెయ్యి లోపే.

సముద్రగాలికి మన ఊళ్ళో కాంటాక్టులు పచ్చబడతాయని తెలిసిందే. క్లిక్ ఒక్కోసారి పడి ఒక్కోసారి పడకపోతే మొదట ప్లగ్గుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అప్పుడూ తగ్గకపోతేనే విప్పండి.

ఈవయాక్యామ్‌లో డ్వెల్ క్లిక్ ఆపేసి ఈ మౌస్ పెట్టుకోండి. విండోస్‌కి రెండు మౌస్‌లు ఉన్నా పట్టింపు లేదు, తల పాయింటర్‌ని కదుపుతుంది, మోచెయ్యి నొక్కుతుంది. నొక్కి పట్టుకుని తల తిప్పితే డ్రాగ్ అవుతుంది, దానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు. అలా పట్టుకోవడం కష్టమైతే మౌస్ సెట్టింగ్స్‌లో క్లిక్‌లాక్ (కాసేపు నొక్కి వదిలినా నొక్కినట్టే ఉంచేది) ఆన్ చెయ్యండి.

ఊదే గొట్టం గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. చేసుకోవచ్చు, కష్టమేమీ కాదు. ఏటీమెగా32యూ4 చిప్పు ఉన్న ప్రో మైక్రో బోర్డు, 5 వోల్టులది తీసుకోవాలి. ఆర్డినో ఊనో ఆర్3 వద్దు, దాని ప్రధాన చిప్పులో సొంత యూఎస్‌బీ లేదు కాబట్టి కంప్యూటర్‌కి నేరుగా మౌస్‌లా కనబడదు. గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ ఎంపీఎక్స్‌వీ7002డీపీ. డ్రోన్లకి ఎయిర్‌స్పీడ్ సెన్సర్ పేరుతో బోర్డుతో సహా అమ్ముతారు. దాని కొలత మైనస్ 2 నుంచి ప్లస్ 2 కిలోపాస్కల్. ఊదకుండా ఉన్నప్పుడు 2.5 వోల్టులు ఇస్తుంది, ఒక కిలోపాస్కల్‌కి ఒక వోల్టు మారుతుంది. ప్రో మైక్రోలో చూస్తే మధ్య విలువ 512 దగ్గర, కిలోపాస్కల్‌కి సుమారు 205 అంకెలు. రెండు ముక్కుల్లో ఒకదానికే సిలికాన్ గొట్టం తొడగండి, రెండోది గాలికి వదిలెయ్యండి. మధ్య నుంచి 40 అంకెలు దాటితే మెల్లగా ఊదినట్టు, 200 దాటితే గట్టిగా ఊదినట్టు అని మొదలుపెట్టి మనిషిని బట్టి మార్చండి. ఊదాల్సింది ఊపిరితిత్తులతో కాదు, బుగ్గలతో. అది నేర్పకపోతే పది నిమిషాల్లో కళ్ళు తిరుగుతాయి.

ఆన్ అయినప్పుడు వంద రీడింగులు తీసి సగటుని మధ్య విలువగా పెట్టుకునేట్టు కోడ్ రాయండి. ఆ క్షణంలో గొట్టం నోట్లో ఉంటే మధ్య విలువే తప్పు పడుతుంది, తర్వాతంతా గందరగోళం. మన ఉక్కపోతకి గొట్టంలో తేమ, దాంతోపాటు ఉమ్మి చేరుతుంది. సెన్సర్‌కి ముందు ల్యాబుల్లో సిరంజికి తగిలించే నీరు పీల్చని ఫిల్టర్ ఒకటి పెట్టండి, లేకపోతే సెన్సర్ పోతుంది. నోట్లో పెట్టే కొస రోజూ మార్చాలి. ఇవన్నీ మీకు అక్కర్లేదని నా అభిప్రాయం, మోచెయ్యి ఉండగా నోరు ఖాళీగా ఉంచితే మాట్లాడుకోవచ్చు.

ఏయూ, గీతం ఇంజినీరింగ్ పిల్లలు ఇలాంటివి ప్రాజెక్టుగా ఉత్సాహంగా చేసిపెడతారు. చేయించుకోండి, తప్పులేదు. కానీ కోడ్ ఫైలు, వైరింగ్ బొమ్మ, ఒక స్పేర్ బోర్డు చేతిలో పెట్టించుకున్నాకే పూర్తయినట్టు లెక్క. జూన్ వచ్చాక ఆ పిల్లలు బెంగళూరులో ఉంటారు.

మాటతో_మౌస్

వాయిస్ యాక్సెస్ సంగతి నేను చెప్తా. ముందు మైకు. ల్యాప్‌టాప్ మైకు ఫ్యాను కింద పనికిరాదు. యూఎస్‌బీ హెడ్‌సెట్ తీసుకోండి, మైకు నోటికి ఎదురుగా కాకుండా పెదవి చివరన, రెండు వేళ్ళ ఎడంలో ఉండాలి. ఎదురుగా పెడితే ఊపిరి తగిలి "ప", "బ" అన్నప్పుడల్లా బుస్సుమంటుంది. హెడ్‌సెట్ పెట్టి తియ్యడానికి ఒకరు కావాలి కాబట్టి చెవులు నొప్పెట్టని, ఒక చెవికే ఉండేది చూడండి. భాష ఇంగ్లీష్ ఇండియా అని మార్చండి. ఆ భాష ఫైళ్ళు ఒకసారి దిగాక నెట్ లేకపోయినా నడుస్తుంది.

టీవీ మాటలు టైపవుతున్నాయంటే మీరు డిఫాల్ట్ మోడ్‌లో ఉన్నారు. అందులో కమాండ్ కానిది ఏది విన్నా అక్షరాలుగా దింపేస్తుంది. కమాండ్స్ మోడ్‌కి మార్చండి, అప్పుడు కమాండ్లు మాత్రమే పట్టుకుంటుంది. రాయాల్సి వచ్చినప్పుడే డిక్టేషన్ మోడ్. పని మధ్యలో ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలంటే "వాయిస్ యాక్సెస్ స్లీప్", మళ్ళీ "వాయిస్ యాక్సెస్ వేకప్". "టర్న్ ఆఫ్ మైక్రోఫోన్" అని మాత్రం ఎప్పుడూ అనొద్దని గట్టిగా చెప్పండి. మైకు పూర్తిగా ఆగిపోతే మాటతో తిరిగి తెరవలేడు.

టాలీలో నంబర్లు రాకపోవడం వింత కాదు. తన తెర తానే గీసుకునే ప్రోగ్రాముల్లో ఏది బటనో వాయిస్ యాక్సెస్‌కి తెలియదు. దానికి బాధపడక్కర్లేదు, టాలీ పుట్టిందే కీబోర్డు మీద. "ప్రెస్ ఎఫ్8" అంటే సేల్స్, ఎఫ్9 పర్చేజ్, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్. "ప్రెస్ ఆల్ట్ జీ" అంటే గో టు, అక్కడ రిపోర్టు పేరు చెప్తే వెళ్ళిపోతుంది. ఎంట్రీ అయ్యాక "ప్రెస్ కంట్రోల్ ఏ". లెడ్జర్ పేర్లు ఇంగ్లీషులో, పలకడానికి తేలిగ్గా, మొదటి మూడు అక్షరాల్లోనే తేడా తెలిసేట్టు మార్చుకోండి. "శ్రీ సాయి ట్రేడర్స్", "శ్రీ సాయి ఎంటర్‌ప్రైజెస్" లాంటివి పక్కపక్కన ఉంటే రోజూ కుస్తీయే. షాపువాళ్ళని ఒప్పించి పేరు ముందు చిన్న కోడ్ పెట్టించండి.

ఎక్సెల్‌లో గడికి పోవడానికి "ప్రెస్ ఎఫ్5", తర్వాత గడి పేరు, తర్వాత ఎంటర్. అంకెలు ఒక్కొక్కటిగా పలకాలి. "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" దగ్గర ఎంత మంచి మైకైనా తడబడుతుంది, జీఎస్టీ లెక్కలో అది పెద్ద తప్పు. ఎంట్రీల మొత్తాన్ని బిల్లు మొత్తంతో సరిచూసే ఒక గడి పక్కనే పెట్టుకుంటే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. రైట్ క్లిక్ మెనూకి "ప్రెస్ షిఫ్ట్ ఎఫ్10". రోజూ వాడే కమాండ్ల వరసలని వాయిస్ షార్ట్‌కట్స్‌లో ఒక మాట కింద కట్టుకోవచ్చు.

తెలుగు దగ్గర అసలు చిక్కుంది. వాయిస్ యాక్సెస్‌కి తెలుగు రాదు. విండోస్ వాయిస్ టైపింగ్‌కి, గూగుల్ డాక్స్‌కి వచ్చు, రెంటికీ నెట్ కావాలి. అయితే వాయిస్ యాక్సెస్ వింటూ ఉండగా తెలుగు మాట్లాడితే అది తన ఇంగ్లీషు చెవితో విని ఏదో ఒకటి చేసి కూర్చుంటుంది. కాబట్టి దాన్ని నిద్రపుచ్చి, డాక్స్‌లో మైకు బొమ్మని తలతో, మోచేతితో నొక్కాలి. మాట ఒక్కదానితోనే అన్నీ నడుపుదామంటే తెలుగు దగ్గర కుదరదు, ఈవయాక్యామ్, మోచేతి స్విచ్ అందుకే కావాలి. డాక్స్‌లో టూల్స్ కింద వాయిస్ టైపింగ్, పైన భాషల జాబితాలో తెలుగు. విండోస్‌దైతే వాయిస్ టైపింగ్ లాంచర్ ఆన్ చేసి పెడితే రాసే గడిలో నొక్కగానే మైకు బొమ్మ తనే వస్తుంది.

డాక్స్‌లో తెలుగుకి చుక్క, కామా మాటతో పడవు. వాక్యం అయ్యాక ఆపి, ఆన్‌స్క్రీన్ కీబోర్డులో చుక్క నొక్కడమే. ఆన్‌స్క్రీన్ కీబోర్డు "ప్రెస్ కంట్రోల్ విండోస్ ఓ" అంటే వస్తుంది. భాష తెలుగుకి మారిస్తే కీల మీద తెలుగు అక్షరాలే కనబడతాయి. ల, ళ తేడాలు, ఒత్తులు అక్కడ దిద్దుకోవచ్చు. పూర్తి ఉత్తరం మాత్రం దాంతో కొట్టాలని చూడకండి, ఒక పేరా అయ్యేసరికి మెడ పోతుంది.

పాప్‌క్లిక్

గూగుల్ 2023లో విడుదల చేసిన ప్రాజెక్ట్ గేమ్‌ఫేస్ కూడా చూడండి. ఓపెన్ సోర్స్. తలతో పాయింటర్, ముఖ కవళికతో క్లిక్. నోరు తెరవడం, కనుబొమ లేపడం, ఇలాంటివి పెట్టుకోవచ్చు, ఎంత గట్టిగా చేస్తే పట్టాలో కూడా స్లైడర్‌తో మార్చుకోవచ్చు. వాయిస్ యాక్సెస్‌తో కలిపి వాడేటప్పుడు నోరు తెరవడం క్లిక్‌గా పెట్టకండి, మాట్లాడినప్పుడల్లా నొక్కుతుంది. కనుబొమలు రైట్ క్లిక్‌కి బాగుంటాయి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో టాలీ, బ్రౌజర్, ఇదీ కలిసి నడిస్తే ఫ్యాను రొద చేస్తుంది, ఆ రొద మైకుకి ఎక్కుతుంది, అందుకే ఈవయాక్యామ్‌కే నా ఓటు.

ఫోనుకి ఆండ్రాయిడ్ 12 నుంచి స్విచ్ యాక్సెస్‌లో (తెరని ముట్టకుండా ఒకటి రెండు స్విచ్‌లతో ఫోను నడిపే సౌకర్యం) కెమెరా స్విచ్‌లు ఉన్నాయి. కుడికి, ఎడమకి, పైకి చూడడం, నవ్వు, కనుబొమలు, నోరు, ఈ ఆరింటిలో రెండు పెట్టుకుంటే చాలు: ఒకటి "తర్వాతది", ఒకటి "ఎంచు". నెమ్మదే, కానీ నడుస్తుంది. బ్యాటరీ తాగేస్తుంది, చార్జర్ పెట్టే ఉంచాలి. పగలు వాట్సాప్ ల్యాప్‌టాప్‌లోనే తెరిచి ఉంచితే ఫోనుతో అంత అవసరం రాదు.

గాజువాక_టెక్

సోల్డర్ గారూ, మౌస్ ఈ ఆదివారమే విప్పుతా. అందరికీ ధన్యవాదాలు. అయితే కంటితో నడిపేది వద్దనేనా? మంచం మీద ఉన్నప్పుడు తల దిండుకి ఆనుకుని ఉంటుంది, తల మౌస్ సరిగా పనిచెయ్యడం లేదు.

కనుపాప_కోణం

పూర్తిగా వద్దని కాదు, ఈ అబ్బాయికి మొదటి ఖర్చు అది కాకూడదు. వైద్య అవసరాలకని అమ్మే టోబీ డైనావాక్స్ పీసీ-ఐ లాంటి కంటి ట్రాకర్లు లక్ష దాటతాయి. గేమింగ్‌కి అమ్మే టోబీ ఐ ట్రాకర్ 5 దానికంటే చవకే గానీ మీ బడ్జెట్ దాటిపోతుంది. అది 15 నుంచి 27 అంగుళాల తెరలకి, ముఖం 45 నుంచి 95 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు పనిచేస్తుంది. కంటి మీదికి ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వేసి, కనుపాప, కార్నియా మీది మెరుపు రెండింటినీ పట్టుకుంటుంది. అందుకే బాల్కనీ నుంచి నేరుగా ఎండ ముఖం మీద పడితే దానికి చూపు పోతుంది. ప్రోగ్రెసివ్ కళ్ళజోడు, వాలిన రెప్పలు ఉన్నా తంటాయే. పైగా కన్ను ఎప్పుడూ నిలకడగా ఉండదు, చిన్న చిన్న గెంతులు వేస్తూ ఉంటుంది. టాలీలో వరస మీద వరసగా ఉన్న సన్న అక్షరాల మీద కచ్చితంగా నిలపడం కష్టం.

మంచం మీద తల మౌస్ పనిచెయ్యకపోవడానికి కారణం చాలాసార్లు తెర కోణమే. మనిషి 40 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటే తెర కూడా అంతే వాలి, ముఖానికి ఎదురెదురుగా ఉండాలి. ఓవర్‌బెడ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్‌ని నిటారుగా పెడితే కెమెరాకి గడ్డం, ముక్కు రంధ్రాలే కనబడతాయి. మంచానికి బిగించే మానిటర్ ఆర్మ్, దాని మీద ల్యాప్‌టాప్ ట్రే పెట్టండి. మెత్తటి పెద్ద దిండు తీసేసి మెడ కింద చిన్న రోల్ పెడితే తల పక్కలకి దొర్లుతుంది. అక్కడ అడ్డం స్పీడు పెంచుకోవాలి, ఈవయాక్యామ్ సెట్టింగ్స్ కుర్చీకి వేరు, మంచానికి వేరు రాసి పెట్టుకోండి. ఆర్మ్ బిగింపు ప్రతిరోజూ ఒకసారి చేత్తో లాగి చూడాలి. రెండు కిలోల ల్యాప్‌టాప్ ముఖానికి పైన ఉంటోంది, మరవకండి.

ఎన్‌ఏడీ_కాలనీ

మధ్యలో వస్తున్నా, క్షమించండి. మా పెదనాన్నగారికి ఏఎల్ఎస్ (ఒంట్లో కండరాలు ఒక్కొక్కటే పనిచెయ్యడం మానేసే నరాల జబ్బు). చేతులు ఇప్పటికే లేవు, మాట తడబడుతోంది. ఇదే సెటప్ పనికొస్తుందా?

ఓటీ_ఎంవీపీ

ఎన్‌ఏడీ గారూ, వారికి లెక్క వేరండి. ఆ జబ్బులో మాట, మెడ బలం కూడా తగ్గుతూ పోతాయి, చాలామందికి కంటి కదలిక చివరిదాకా నిలుస్తుంది. కాబట్టి కంటి ట్రాకర్ మీద డబ్బు పెట్టాల్సింది మీరే, అది కూడా మెడ బాగున్నప్పుడే అలవాటు చెయ్యాలి. తెర మీద కంటితో కొట్టే ఆప్టికీ అనే ఉచిత కీబోర్డు చూడండి. ఒకే ఒక్క కదలిక మిగిలినా పనిచేసేది ఇంటెల్ ఏక్యాట్. స్టీఫెన్ హాకింగ్ కోసం చేసిన ఆ సాఫ్ట్‌వేర్‌ని 2015లో ఓపెన్ సోర్స్ చేశారు, ఆయన కళ్ళజోడుకి పెట్టిన సెన్సర్ చెంప కదలికని పట్టేది. వారి గొంతుతో రోజూ వాడే మాటలు, పిల్లల పేర్లు, పిలుపులు ఈ వారంలోనే ఫోనులో రికార్డు చేసి పెట్టండి. అది వాయిదా వేసే పని కాదు. మిగతాది వేరే పోస్టు పెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను.

మాటతో_మౌస్

గాజువాక గారూ, ఒకటి మిగిలింది. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ అయితే? సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, స్పీచ్ కింద వాయిస్ యాక్సెస్ సైన్ ఇన్‌కి ముందు, తర్వాత రెండుసార్లూ మొదలయ్యేట్టు పెట్టండి. ముందుది పెట్టకపోతే పిన్ అడిగే తెర దగ్గరే ఇరుక్కుంటాడు. ఈవయాక్యామ్‌ని స్టార్టప్‌లో పెట్టండి. విండోస్ అప్‌డేట్ యాక్టివ్ అవర్స్ ఆయన పనివేళలకి మార్చండి.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, వాయిస్ యాక్సెస్ కూడా నడుస్తుంది. వైఫై పోతుంది, దాంతో తెలుగు టైపింగ్ ఆగుతుంది. రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెడితే సరిపోతుంది. రేపు డెస్క్‌టాప్‌కి మారితే బయోస్‌లో కరెంటు తిరిగి రాగానే ఆన్ అయ్యే ఆప్షన్ ఉంటుంది, దాన్ని పవర్ ఆన్ అని పెట్టండి.

ఓటీపీలకి గూగుల్ మెసేజెస్‌ని ల్యాప్‌టాప్ బ్రౌజర్‌కి జత చెయ్యండి, కోడ్ అక్కడే కనబడుతుంది. బ్యాంకు యాప్‌లు కొన్ని యాక్సెసిబిలిటీ సర్వీసు ఆన్‌లో ఉంటే తెరుచుకోవు, స్విచ్ యాక్సెస్‌ని కూడా అనుమానంగానే చూస్తాయి. అలాంటిచోట బ్రౌజర్‌లో నెట్ బ్యాంకింగే దారి. పిన్, పాస్‌వర్డ్ నలుగురిలో పైకి పలకాల్సి రాకుండా ఆన్‌స్క్రీన్ కీబోర్డులో తలతో కొట్టడం ముందే అలవాటు చెయ్యండి.

గాజువాక_టెక్

సైన్ ఇన్‌కి ముందు అనే ఆప్షన్ ఇప్పుడే పెట్టి రీస్టార్ట్ చేసి చూశాను, పిన్ మాటతోనే తీసుకుంది. ఓటీ గారూ, మోచేతి స్విచ్‌కి ఆర్మ్‌రెస్ట్ బయటివైపు బిగిస్తే తలుపులోంచి కుర్చీ వెళ్ళేటప్పుడు తగిలేట్టుంది. తలుపు 76 సెంటీమీటర్లు, కుర్చీ 66.

ఓటీ_ఎంవీపీ

అటూ ఇటూ కలిపి పది సెంటీమీటర్లే ఖాళీ, స్విచ్‌తో కలిపితే గుమ్మం దగ్గర విరుగుతుంది. వేరే వస్తువుకి బిగించండి: కంప్యూటర్ టేబుల్ అంచుకి క్లాంప్, దానికి స్విచ్. కుర్చీ టేబుల్ దగ్గరికి వచ్చి ఆగినప్పుడే మోచేతి పక్కకి రావాలి. కుర్చీ రోజూ ఒకేచోట ఆగేట్టు నేలమీద చక్రాల దగ్గర రంగు టేపు వెయ్యండి, రెండు సెంటీమీటర్లు అటూఇటూ అయినా స్విచ్ అందదు. బ్రేకులు వేశాకే క్లిక్ మొదలుపెట్టాలి, లేకపోతే తోసిన ప్రతిసారీ కుర్చీయే జరుగుతుంది.